లక్షన్నరలో ఒంటరిగా జపాన్ చూడాలంటే ముందు ఊళ్లు తగ్గించుకోండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ఇల్లు విజయవాడ, ఉద్యోగం హైదరాబాద్, వయసు ఇరవై ఏడు. ఇదే మొదటి విదేశీ ప్రయాణం, తోడు ఎవరూ లేరు. పద్నాలుగు రోజులు, విమానం టికెట్టుతో కలిపి లక్షన్నర దాటకూడదు. టోక్యో, హకొనె, తకయామా, క్యోటో, ఒసాకా, హిరోషిమా, సప్పొరో అన్నీ చూడాలి. మాంసం, చేప ముట్టరు, గుడ్డు తింటారు. ఒక్కసారి కొంటే కొన్ని రోజుల పాటు జపాన్ రైళ్లలో తిరగనిచ్చే జేఆర్ పాస్ కొనాలా అన్నది మీ సందేహం. ఆడపిల్ల ఒక్కతే వెళ్లడం క్షేమమేనా అన్నది మీ అమ్మగారి సందేహం.

ఉద్యోగం పేరుతో కొన్నేళ్లు అక్కడ ఉన్నాను, ఇప్పటికీ వెళ్లివస్తుంటాను. నా లెక్క ప్రకారం లక్షన్నర సరిపోతుంది. మీరు రాసిన ఊళ్ల జాబితాకు మాత్రం సరిపోదు.

జపాన్‌లో ఖరీదైనది దూరం. తిండి చవక. ఒక్కరు పడుకోవడానికి చోటూ చవకే. ఒంటరి మనిషిని లోటుగా చూడని దేశం అది. హోటళ్లలో ఒక్కరి కోసమే కట్టిన గదులుంటాయి, భోజనశాలల్లో గోడవైపు తిరిగి ఒక్కరే కూర్చునే బల్లలుంటాయి. గుమ్మం దగ్గరి యంత్రంలో డబ్బు వేసి బొత్తాం నొక్కి, వచ్చిన చీటీ ఇచ్చి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా భోంచేసి రావచ్చు. కానీ ఊరు మారిన ప్రతిసారీ పర్సు పలచబడుతుంది. అందుకే మిగతా ఏ పొదుపు చిట్కా కన్నా ముందు మీ మ్యాపు మీద కత్తెర వేస్తాను.

సప్పొరో తీసేయండి. అది ఉత్తరాన వేరే ద్వీపం. బుల్లెట్ రైలు ఇంకా అక్కడిదాకా వేయలేదు, టోక్యో నుంచి రైల్లో పోతే ఒక పగలంతా అయిపోతుంది. తకయామా అందమైన ఊరే, కానీ కొండల మధ్య ఉంది. ఒక్క రాత్రి కోసం రానూ పోనూ బస్సు ఛార్జీలు పెట్టడం దండగ. హకొనెకు వెళ్లాలనుకున్నది ఫుజి పర్వతం కోసమే అయితే, టోక్యోలోని షింజుకు నుంచి ఫుజి దగ్గర చెరువు ఒడ్డునున్న కవాగుచికోకు బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చు. రెండు గంటల ప్రయాణం, హకొనె కన్నా తక్కువ ఖర్చు. ముందురోజు రాత్రి వాతావరణం చూసుకుని అప్పుడు టికెట్టు కొనండి. ఫుజి మబ్బు చాటున ఉంటే అంత దూరం వెళ్లి చూసేది చెరువే.

ఇక మిగిలినవి టోక్యో, ఒసాకా ప్రాంతం, హిరోషిమా. టోక్యోలో అయిదు రాత్రులు, ఒసాకాలో ఆరు, హిరోషిమాలో రెండు. క్యోటోలో బస వద్దు. ఒసాకా నుంచి క్యోటోకు హంక్యూ రైల్లో నాలుగు వందల యెన్ల చిల్లర, ముప్పావు గంట. అదే ఒసాకా నుంచి నారా, కోబె, హిమేజీ అన్నీ ఒక్క రోజులో వెళ్లిరాగలిగినవే. ఒకే మంచం, ఒకే అల్మరా, రోజూ వీపున చిన్న సంచీ. విమానం టికెట్టు కూడా టోక్యోలో దిగి, ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయంలో ఎక్కేలా తీసుకోండి. మళ్లీ టోక్యోకు తిరిగిరావడం అంటే పద్నాలుగు వేల యెన్లు గాలికి వదిలేసినట్టే. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా వెళ్లేవి వెతకండి.

ఇప్పుడు జేఆర్ పాస్. పాత వీడియోల్లో అందరూ "దిగగానే కొనేయండి" అంటారు. 2023 అక్టోబరుకు ముందు ఆ మాట నిజమే, ఏడు రోజుల పాస్ 29,650 యెన్లకు వచ్చేది. ఆ నెల నుంచి 50,000 అయింది. టోక్యో నుంచి క్యోటో, అక్కడి నుంచి హిరోషిమా, మళ్లీ టోక్యో, ఇంత చుట్టూ బుల్లెట్ రైల్లో వారం రోజుల్లో తిరిగినా విడి టికెట్లకు 45 వేల దగ్గరే ఆగుతుంది. మీరు తిరిగి టోక్యోకు రావడమే లేదు కనుక అసలు ఆలోచించకండి. దాని బదులు ప్రాంతీయ పాసులున్నాయి. కన్సాయ్ (ఒసాకా, క్యోటో చుట్టుపక్కల ప్రాంతం), హిరోషిమా కలిపి అయిదు రోజులకు ఇచ్చే పాస్ 17,000 యెన్ల దగ్గర ఉంది. హిరోషిమాకు బుల్లెట్ రైల్లో వెళ్లిరావడం, హిమేజీ, నారా, కోబె అన్నీ ఆ అయిదు రోజుల్లోకి సర్దుకుంటే గిట్టుబాటవుతుంది. సర్దుకోలేకపోతే హిరోషిమాకు బస్సులో వెళ్లండి, అయిదారు గంటలు.

టోక్యో నుంచి ఒసాకా వైపు వెళ్లడానికి మీ ముందు మూడు దారులున్నాయి. బుల్లెట్ రైళ్లలో వేగంగా వెళ్లే నోజొమి ఎక్కితే రెండున్నర గంటలు, పద్నాలుగు వేల యెన్లు. అన్ని స్టేషన్లలో ఆగే కొదామాకు ముందుగా కొనే రాయితీ టికెట్టు ఉంది, పేరు పురట్టొ కొదామా. నాలుగు గంటలు పడుతుంది, రోజును బట్టి రెండు మూడు వేలు తగ్గుతుంది, తాగడానికి ఒక పానీయం కూపను కూడా ఇస్తారు. మూడోది రాత్రి బస్సు. నాలుగు వేల నుంచి మొదలు, శుక్రవారం రాత్రి అయితే దానికి రెట్టింపు. వరసకు నాలుగు సీట్ల బస్సు చవక, విడివిడిగా మూడు సీట్లుండే బస్సు నిద్రకు మంచిది. ఆడవాళ్లకు పక్కన ఆడవాళ్లనే కూర్చోబెట్టే ఏర్పాటు చాలా కంపెనీల్లో ఉంది, బుక్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. ఎక్కిన కాసేపటికి తెరలు మూసి దీపాలు ఆర్పేస్తారు. ఆ తర్వాత ఫోను వెలుగు కూడా పక్కవారికి తగలకూడదు. మన స్లీపర్ బస్సుల్లో సినిమా శబ్దానికి అలవాటుపడ్డవారికి ఆ నిశ్శబ్దం మొదట్లో కొంచెం భయమేస్తుంది.

నేనైతే రాత్రి బస్సే అంటాను. ఒక రాత్రి బస డబ్బు కూడా మిగులుతుంది. ఎక్కే ముందు సాయంత్రం పేటలోని సెంతో అనే సామూహిక స్నానశాలకు వెళ్లి వేడి నీళ్లలో కూర్చుని వస్తే నిద్ర దానంతటదే పడుతుంది. టోక్యోలో రేటు అన్నింటికీ ఒకటే, 550 యెన్లు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరు వేరు గదులు. బట్టలు లేకుండానే దిగాలి, అంతకుముందే పక్కనున్న పీట మీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా కడుక్కోవాలి. సిగ్గు మొదటి అయిదు నిమిషాలే, అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు.

రాత్రి బస్సుతో చిక్కంతా తెల్లవారుజామున ఆరింటికి దింపేయడంలో ఉంది. హాస్టళ్లు మధ్యాహ్నం మూడుకు గానీ గది ఇవ్వవు, దుకాణాలు పదికి తెరుస్తారు. దీనికి ఉపాయం చెబుతాను. టికెట్టు ఒసాకాకు కాకుండా క్యోటో స్టేషన్‌కు తీసుకోండి. దిగి సంచీ కాయిన్ లాకర్లో పడేసి, నారా వైపు వెళ్లే జేఆర్ రైలు ఎక్కండి. రెండో స్టేషన్ ఇనారి, 150 యెన్లు. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఫుషిమి ఇనారి ఆలయ ద్వారం. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, టికెట్టు లేదు. పదింటికి ఆ ఎర్రటి తోరణాల కింద సెల్ఫీల జాతర మొదలవుతుంది. ఆరున్నరకు ఉండేది రోజూ కొండెక్కే ముసలివాళ్లు, అక్కడక్కడా పిల్లులు. పైకి వెళ్లే కొద్దీ ప్రతి స్తంభం వెనకవైపు నల్లటి అక్షరాలు కనిపిస్తాయి. ఆ తోరణాన్ని సమర్పించిన కంపెనీ పేరు, తేదీ. మన గుళ్లలో ట్యూబులైటు మీద దాత పేరు రాయించడం అక్కడా ఉందన్నమాట.

బస విషయానికొస్తే, హాస్టల్లో మంచం మూడు వేల నుంచి నాలుగున్నర వేల యెన్లు. టోక్యోలో ఉయెనో, అసకుస, కురమాయె వైపు వెతకండి. ఆడవాళ్లకే ప్రత్యేకించిన గదులు, కొన్నిచోట్ల అంతస్తులు కూడా ఉంటాయి. మనిషి పడుకునేంత పెట్టెల్లాంటి అరలుండే క్యాప్సూల్ హోటల్ ఒక రాత్రికి సరదాగా ఉంటుంది, వరసగా ఉండటానికి పనికిరాదు. మూడు రాత్రులకు డబ్బు కట్టినా రోజూ పొద్దున పదింటికి శుభ్రం చేయడానికి బయటికి పంపే చోట్లు చాలా. పెద్ద సూట్‌కేసు వాటి లాకర్లో పట్టదు కూడా. ఇంకా చవకగా సొంత గది కావాలంటే టోక్యోలో మినామి సెంజు, ఒసాకాలో షిన్ ఇమామియా. ఈ రెండూ ఒకప్పుడు దినకూలీలు ఉండే పేటలు. యుద్ధం తర్వాత నగరాలు కట్టిన మనుషులు పడుకున్న చిన్న చిన్న గదులు ఇప్పుడు మనలాంటి యాత్రికులకు వసతులయ్యాయి. మూడు చాపలు పట్టేంత గది, కింద పరుపు, నడవా చివర బాత్రూం. వీధిలో మధ్యాహ్నమే తాగి కూర్చున్న ముసలివాళ్లు కనిపిస్తారు, మీ జోలికి రారు. నాకు ఆ పేటలు ఇష్టం. అయితే మొదటిసారి, ఒంటరిగా, రాత్రి పొద్దుపోయి దిగేవారికి మొదటి రాత్రులు అక్కడ వద్దంటాను. ఉయెనోలో మొదలుపెట్టి ధైర్యం వచ్చాక ఒసాకాలో ప్రయత్నించండి.

శనివారం రాత్రి రేట్లు మిగతా రోజులకు రెట్టింపు దాకా పోతాయి. ఆ రాత్రికి పర్యాటకులు తక్కువగా వెళ్లే ఊళ్లో ఉండేలా చూసుకోవడం ఒక చిట్కా. కాలం కూడా అంతే ముఖ్యం. మార్చి చివర చెర్రీ పూలు, ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా గోల్డెన్ వీక్ సెలవులు, ఆగస్టు నడిమధ్య ఒబోన్ పండుగ, నవంబరు చివర క్యోటోలో ఎర్రటి ఆకులు. ఈ రోజుల్లో నేను చెప్పిన ఏ ధరా నిలవదు. మీ బడ్జెట్టుకు జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి, లేదా డిసెంబరు మొదటి వారాలు బాగుంటాయి. చలికాలం పొద్దున్నే ఫుజి కూడా తేటగా కనిపిస్తుంది. జూన్ చవకే గానీ వానలు.

ఇక తిండి. మీకు అసలు కష్టం ఇదే, డబ్బు వల్ల కాదు. మాంసం లేని వంటకం అక్కడ దొరుకుతుంది, చేప లేనిది దొరకడమే అరుదు. మిసో సూప్, ఉడాన్, సోబా, వంకాయ కూర, చివరికి గుడ్డు అట్టులో కూడా దాషి అనే ఎండు చేపల రసం ఉంటుంది. "మాంసం వద్దు" అని చెబితే వంటవాడు ముక్కలు తీసి పెడతాడు, రసం అలాగే ఉంటుంది. అతని దృష్టిలో అది మాంసం కాదు. కనుక బయలుదేరే ముందే మీరు ఒకటి తేల్చుకోండి: ముక్క కనబడకపోతే చాలా, రసం కూడా వద్దా? మొదటిదైతే ప్రయాణం హాయిగా సాగుతుంది. రెండోదైతే కింద చెప్పినవాటి మీద ఆధారపడాలి.

పొద్దున కన్వీనియన్స్ స్టోర్లో గుడ్డు శాండ్‌విచ్, అరటిపండు, పెరుగు. ఒనిగిరి అనే అన్నం ముద్దల్లో ఉమెబోషి పెట్టినది తీసుకోండి. ఉప్పులో ఊరిన పుల్లటి పండు, ఊరగాయ ముక్కతో అన్నం తిన్నట్టే ఉంటుంది. పట్టింపు గట్టిదైతే దాని పొట్లం మీది పదార్థాలను కూడా ఫోను కెమెరాతో అనువదించి చూసుకోవాలి. మధ్యాహ్నం సైజెరియా అనే ఇటాలియన్ హోటళ్లు, నాలుగైదు వందల యెన్లకు మార్గరీటా పిజ్జా. కాలేజీ పిల్లలు గంటల తరబడి కూర్చునే చోటు, మీరు ఒక్కరే కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు. కోకో ఇచిబాన్యా కూర అన్నం దుకాణాల్లో కొన్నింట శాకాహార గ్రేవీ ఉంటుంది, అడగాలి. "ఇండియన్ రెస్టారెంట్" బోర్డు ప్రతి స్టేషన్ దగ్గరా కనిపిస్తుంది. నడిపేవారు చాలావరకు నేపాలీలు. వెయ్యి యెన్ల అటూ ఇటూగా కూర, దిండంత నాన్. నాన్ మళ్లీ అడిగితే ఊరికే వేస్తారు. సాంబారు, పప్పు మీద మనసు పోతే ఉయెనో పక్కన ఒకాచిమాచిలో ఆంధ్ర భోజనం పెట్టే హోటలుంది. మన ఐటీ కుటుంబాలు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ వైపు వెళ్తే కిరాణా కొట్లు కూడా ఉన్నాయి. తిరిగే దారిలో నగోయాలో ఆగే పని పడితే పొద్దున ఏదైనా పాత కాఫీ హోటల్లోకి వెళ్లండి. కాఫీ డబ్బులకే వెన్న రాసిన మందపాటి రొట్టె, ఉడికించిన గుడ్డు తెచ్చి ముందు పెడతారు. ఆ ఊరి ఆచారం అది.

రాత్రి భోజనం సూపర్ మార్కెట్లో కొనండి. ఏడున్నర, ఎనిమిది మధ్య వండిన పదార్థాల అరల దగ్గర మనుషులు ఏమీ కొననట్టు, ఏదో చదువుతున్నట్టు నిలబడి ఉంటారు. ఒక ఉద్యోగి చిన్న లేబుళ్ల చుట్టతో వస్తాడు. ముందు ఇరవై శాతం, కాసేపయ్యాక సగం ధర చీటీ అంటిస్తూ పోతాడు. అతను చేయి తీసిన మరుక్షణం డబ్బాలు మాయం. తోపులాట ఉండదు, కానీ చూపులన్నీ ఆ చుట్ట మీదే. మీకు పనికొచ్చేవి ఇనారి సుషి, బంగాళదుంప కొరొక్కె, సలాడ్లు. ఇనారిలో తియ్యటి టోఫు తొక్కలోకి కూడా దాషి వెళ్తుంది, కొరొక్కెలో ఒక్కోసారి మాంసం తురుము ఉంటుంది, మళ్లీ కెమెరా తప్పదు. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలకు సిద్ధమయ్యే అన్నం గిన్నెలూ అక్కడే ఉంటాయి. హాస్టల్ వంటగదిలో వేడిచేసుకుని, ఇంటి నుంచి తెచ్చిన కంది పొడి, నెయ్యి కలుపుకుంటే ఆ పూట గడిచిపోతుంది.

ఇంటి నుంచి తెచ్చేవాటి గురించి ఒక హెచ్చరిక. పొడులు, ఆవకాయ సీలు వేసిన ప్యాకెట్లలో తీసుకెళ్లండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడిపళ్లు వద్దు. మీరు తినకపోయినా టోక్యోలో ఉన్న చుట్టాల కోసం ఎవరో కోడి పచ్చడి చేతిలో పెడతారు. మాంసం కలిసిన ఏ పదార్థమూ, పచ్చడైనా సరే, జపాన్‌లోకి తేకూడదు. కుక్కలతో వాసన చూపించి పట్టుకుంటారు, శిక్షలు కూడా పెద్దవే. మందుల్లోనూ జాగ్రత్త. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందులు అక్కడ చిక్కు తెచ్చిపెడతాయి. చీటీ మీద ఆ పేర్లుంటే ఇంట్లోనే వదిలేయండి.

లెక్క ఇలా వేస్తాను. వంద యెన్లు సుమారు 60 రూపాయలు అనుకుందాం. రోజుకు బస 3,500, తిండి 2,000, ఊళ్లో తిరగడానికి 1,000, ప్రవేశ రుసుములు 700 యెన్లు. మొత్తం 7,200. పద్నాలుగు రోజులకు లక్ష యెన్ల చిల్లర, అంటే 60 వేల రూపాయలు. ఊరి నుంచి ఊరికి ప్రయాణాలు ఇరవై వేల యెన్ల అటూ ఇటూగా, 12 వేల రూపాయలు. విమానం 50 వేలు అనుకోండి. వీసా, బీమా, ఈ-సిమ్ కలిపి 6 వేలు. 1,28,000 అయింది. మిగిలిన ఇరవై రెండు వేలను షాపింగ్ ఖాతాలో వేయకండి, అనుకోని ఖర్చులకు ఉంచుకోండి. అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆఖరి రైలు వెళ్లిపోతుంది. అది తప్పిపోతే టాక్సీ మీటరు చూడటానికే గుండె ధైర్యం కావాలి. అలాంటి రాత్రి స్టేషన్ పక్కన ఏదో ఒక ఇంటర్నెట్ కెఫేలో రెండు మూడు వేల యెన్లకు తెల్లారేదాకా తలుపున్న చిన్న గది దొరుకుతుంది, అదీ గుర్తుంచుకోండి.

చూడాల్సినవాటిలో చాలావాటికి డబ్బే అక్కర్లేదు. టోక్యో ప్రభుత్వ భవనం 202 మీటర్ల ఎత్తు అంతస్తు నుంచి నగరమంతా ఉచితంగా చూడవచ్చు, స్కైట్రీ టవరు టికెట్టు ఎందుకు? అసకుసలో సెన్సొజి గుడి, హరాజుకు పక్కన మెయిజి మందిరం, నారాలో జింకలు, అన్నీ ఉచితం. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియానికి 200 యెన్లు. దానికి సగం రోజు కేటాయించండి, ఆ తర్వాత ఇంకేమీ పెట్టుకోకండి. హిమేజీ కోటకు మాత్రం 2026 మార్చి నుంచి బయటి ఊళ్లవారికి 2,500 యెన్లు చేశారు. లోపలంతా ఖాళీ చెక్క అంతస్తులు, నిటారు మెట్లు. కోట అందం బయటి నుంచే ఎక్కువ అని నా అభిప్రాయం, ఒప్పుకోనివారూ ఉన్నారు.

డబ్బు తీసుకెళ్లే పద్ధతి: ఒక ఫారెక్స్ కార్డు, దానికి తోడు వేరే బ్యాంకు కార్డు ఒకటి. సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి. గుళ్లు, చిన్న హోటళ్లు, లాకర్ల కోసం నగదు ఉండాలి. దిగగానే సుయికా లాంటి కార్డు తీసుకుని నగదుతో నింపుకోండి, రైలు, బస్సు, దుకాణం అన్నిటికీ అదే. మన దగ్గర కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో అది సాధారణంగా పనిచేయదు, ప్లాస్టిక్ కార్డే మేలు. టోక్యో గేటులో కార్డు చూపి ఎక్కి ఒసాకా గేటులో దిగడం మాత్రం కుదరదు, దూర ప్రయాణానికి విడిగా టికెట్టు కొనాలి.

అమ్మగారికి చెప్పవలసింది. రాత్రి పదకొండింటికి స్టేషన్ నుంచి హాస్టల్‌కు ఒంటరిగా నడిచి వెళ్లే అమ్మాయిలు అక్కడ సర్వసాధారణం. చీకట్లో నడవడం కన్నా పొద్దున ఎనిమిదింటి రైలు రద్దీలోనే జాగ్రత్త అవసరం. ఆ రద్దీలో చేతులు వేసే మనుషులు అక్కడా ఉన్నారు. అందుకే రద్దీ వేళల్లో ఆడవాళ్లకు ప్రత్యేక పెట్టె ఉంటుంది, ప్లాట్‌ఫాం నేల మీద గులాబీ రంగు గుర్తు దగ్గర నిలబడండి. టోక్యోలోని కబుకిచో లాంటి రాత్రి సందడి పేటల్లో వీధిలో నిలబడి లోపలికి పిలిచేవారి వెంట వెళ్లకండి. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీద ఉండాలి, చట్టమే అది. ప్రతి పేటలోనూ కోబాన్ అనే చిన్న పోలీసు గది ఉంటుంది, దారి తప్పినా అక్కడికే వెళ్లవచ్చు. పోలీసుకు 110, అంబులెన్సుకు 119. అక్కడి సమయం మనకన్నా మూడున్నర గంటలు ముందు. మీరు రాత్రి పదింటికి హాస్టల్ చేరి ఫోను చేస్తే అమ్మగారికి ఇంకా సాయంత్రం ఆరున్నరే.

చివరగా వీసా. హైదరాబాద్‌లోని వీఎఫ్ఎస్ కేంద్రంలో దరఖాస్తు ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి మన పాస్‌పోర్టు ఉన్నవారికి పర్యాటక వీసా ఎలక్ట్రానిక్ రూపంలోనే వస్తోంది, పాస్‌పోర్టులో స్టిక్కరు అంటించరు. ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు దేశంలో అడుగుపెట్టాలి కనుక మరీ ముందుగా పెట్టకండి. రోజువారీ ప్రయాణ పట్టిక, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు లేఖ సిద్ధం చేసుకోండి. పట్టికలో రోజుకో ఊరు రాస్తే చూసేవారికి కూడా నమ్మబుద్ధి కాదు, ఇందాక చెప్పిన మూడు బసలే రాయండి. వీసా నోటీసును విమానాశ్రయంలో ఫోనులో ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, ప్రింటు, పీడీఎఫ్ చెల్లవు. కనుక పవర్ బ్యాంకు చేతి సంచీలో పెట్టుకోండి. ఈ-సిమ్ ఇక్కడే ఎక్కించుకుని, దిగగానే పనిచేసేలా సిద్ధం చేసుకోండి.